శిక్ష: కోరిక నుంచి కర్ర దాకా

(డి.ఎడ్. ఛాత్రోపాధ్యాయుల ముందు ఒక తెలుగు ఉపన్యాసకుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, నేనే ముందుకు జరిగి మాట్లాడతాను.

ఇవాళ ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఒక్క మాట. మీరు రోజూ చూసే మాట, రోజూ అనే మాట, రేపు బడికి వెళ్లాక మీ నోట ఎక్కువగా వచ్చే మాట. శిక్ష.

మీరు చదువుతున్నది ఎక్కడ? శిక్షణ సంస్థలో. మీరు పొందుతున్నది ఏమిటి? శిక్షణ. బాగుంది. మరి జిల్లా కేంద్రంలో విద్యాశాఖ వాళ్ల ఆఫీసుకు ఎప్పుడైనా వెళ్లారా? అక్కడ బోర్డు మీద ఏం రాసి ఉంటుంది? సమగ్ర శిక్ష. 2018లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన పథకం అది. అంతకు ముందు సర్వ శిక్షా అభియాన్ అని ఉండేది, దాన్నీ ఇంకో రెండిటినీ కలిపి ఈ పేరు పెట్టారు. సరే, ఇప్పుడు మీ ఊళ్లో అక్షరం రాని ఒక పెద్దావిడ పక్కన కూర్చుని ఆ బోర్డు చదివి వినిపించండి. సమగ్ర శిక్ష. ఆవిడ ఏం అడుగుతుంది? "ఎవరికి నాయనా? ఏం తప్పు చేశారని?" అని అడుగుతుంది. అడుగుతుందా లేదా? ఆవిడ తెలుగు తప్పు కాదు. ఆవిడ తెలుగే సరైన తెలుగు. మన భాషలో శిక్ష అంటే దండన. అంతే.

అదే బోర్డు లక్నోలోనో పాట్నాలోనో చదివితే ఎవరూ ఉలిక్కిపడరు. హిందీలో శిక్షా అంటే చదువు. శిక్షా మంత్రి అంటే మన విద్యాశాఖ మంత్రి. బెంగాలీలో, ఒడియాలో కూడా చదువే. ఇటు మహారాష్ట్ర వైపు రండి, మరాఠీలో శిక్ష అంటే దండన, శిక్షణ్ అంటే చదువు. కన్నడంలో శిక్షె అంటే దండనే. మలయాళంలో దండనే. మనకూ దండనే. ఒకే సంస్కృతం మాట. సగం దేశంలో పిల్లవాడికి పలకా బలపం ఇస్తుంది, మిగతా సగంలో బెత్తం చూపిస్తుంది. ఎందుకిలా జరిగింది? అసలు ఆ మాట పుట్టినప్పుడు దానిలో ఏముంది? అది చూద్దాం.

కొంచెం వ్యాకరణం చెప్పాలి. భయపడకండి, పరీక్షలో రాదు. సంస్కృతంలో ఒక ధాతువుకు, అంటే క్రియకు మూలమైన మాటకు, 'సన్' అనే ప్రత్యయం చేరిస్తే ఆ పని చేయాలన్న కోరిక అని అర్థం వస్తుంది. మీకు తెలిసిన మాటలే చెబుతాను. జ్ఞా అంటే తెలుసుకోవడం. జిజ్ఞాస? తెలుసుకోవాలన్న కోరిక. పా అంటే తాగడం. పిపాస? తాగాలన్న కోరిక, దాహం. శ్రు అంటే వినడం. మరి శుశ్రూష అంటే? చెప్పండి... సేవ అంటున్నారు. ఇప్పటి అర్థం సేవే. కానీ మాట పుట్టింది వినాలన్న కోరికగా. గురువు చెప్పేది వినాలని దగ్గర కూర్చున్నవాడు ఆయనకు నీళ్లు తెచ్చి ఇస్తాడు, కట్టెలు తెచ్చి ఇస్తాడు. అలా అది సేవ అయింది. తరవాత ఆసుపత్రి దాకా వెళ్లింది.

ఇప్పుడు శక్. శక్ అంటే చేయగలగడం. శక్తి, శక్యం, అశక్తుడు, అన్నీ దాని పిల్లలే. శక్ కు సన్ చేరితే ఏమవుతుంది? శిక్ష. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ఇలాంటి కొన్ని ధాతువులకు ప్రత్యేకంగా ఒక సూత్రమే రాశాడు, అందులో శక్ పేరు ఉంది. మరి అర్థం? చేయగలగాలన్న కోరిక. మళ్లీ చెబుతాను, ఇది రాసుకోండి. శిక్ష అంటే చేయగలగాలన్న కోరిక. తనకు చేతకానిది తనకు చేతకావాలి అని ఒక మనిషి లోపల పుట్టే కోరిక. ఆ కోరిక ఎవరిది? గురువుదా? కాదు. నేర్చుకునేవాడిది. మాట పుట్టినప్పుడు అందులో గురువే లేడు, కర్ర సంగతి తరవాత.

ఇది కేవలం వ్యాకరణం కట్టిన కథ అని మీకు అనిపించవచ్చు. ఋగ్వేదంలోకి వెళదాం. ఏడో మండలంలో నూట మూడో సూక్తం. అది కప్పల సూక్తం. అవును, కప్పల మీద సూక్తం! ఏడాదంతా నోరు మెదపకుండా పడి ఉన్న కప్పలు తొలకరి పడగానే లేచి అరుస్తాయి. ఒక కప్ప ఒకటి అంటుంది, దాన్ని ఇంకో కప్ప అందుకుని అంటుంది. వాన పడిన రాత్రి చెరువు గట్టున ఉన్నవాళ్లకు ఇది తెలుసు. ఆ అరుపులు విన్న ఋషికి ఏం గుర్తుకొచ్చిందో తెలుసా? చదువు గుర్తుకొచ్చింది. 'శాక్తస్యేవ వదతి శిక్షమాణః' అన్నాడు. శాక్తుడి మాటను శిక్షమాణుడు తిరిగి పలికినట్టుగా ఉంది అన్నాడు.

ఇక్కడ ఆగుదాం. గురువు అనలేదు, శిష్యుడు అనలేదు. శాక్తుడు, శిక్షమాణుడు. రెండూ శక్ నుంచి వచ్చినవే. శాక్తుడు అంటే చేతనైనవాడు. శిక్షమాణుడు అంటే చేతకావాలని కోరుకుంటున్నవాడు. ఇద్దరూ ఒకే చెరువులో ఉన్నారు. ఇద్దరిదీ ఒకే ధాతువు. ఒకడికి వచ్చేసింది, రెండోవాడికి రాబోతోంది. వాళ్ల మధ్య తేడా అంతే! ఇంతకన్నా గౌరవంగా ఒక విద్యార్థిని ఎవరైనా పిలిచారా? వీడికి ఏమీ రాదు అనలేదండీ. వీడికి రావాలని ఉంది అన్నాడు.

మీరు ఒకటో తరగతిలో 'అ' అనగానే నలభై గొంతులు 'అ' అంటాయి. రోజూ అదే పని కాబట్టి కొన్నాళ్లకు మీ చెవికి అది ఆనదు. చెవిలో పడేటట్టు వినండి. మూడువేల ఏళ్ల కిందట ఒకాయన ఆ శబ్దం విని కవిత్వం చెప్పాడు.

అదే ఏడో మండలంలో ఇంకో చోట ఇంద్రుడికి ప్రార్థన ఉంది. తండ్రి బిడ్డలకు ఇచ్చినట్టు మాకు సంకల్పాన్ని ఇవ్వు అని మొదలుపెట్టి 'శిక్షా ణో అస్మిన్' అంటారు. ఇందులో మాకు ఇవ్వు, మాకు నేర్పు, మాకు చేతనయ్యేలా చేయి అని అడుగుతున్నారు. ఇవాళ్టి తెలుగు చెవితో వింటే 'మమ్మల్ని శిక్షించు' అని వినిపిస్తుంది. ఎవరైనా దేవుడి దగ్గరికి వెళ్లి నన్ను కొట్టు స్వామీ అని అడుగుతారా?

ఆ కోరిక అర్థం చాలాకాలం బతికింది. బౌద్ధంలో శీలం, సమాధి, ప్రజ్ఞ అనే మూడిటినీ కలిపి మూడు శిక్షలు అంటారు. పంచశీలం తీసుకునేటప్పుడు పాళీలో 'సిక్ఖాపదం సమాదియామి' అంటారు. ఈ శిక్షాపదాన్ని నేను స్వీకరిస్తున్నాను అని. ఎవరో వేసే శిక్ష కాదు, తానే తీసుకునే శిక్ష. ఆ సిక్ఖ నుంచే హిందీలో సీఖ్‌నా వచ్చింది. మన హైదరాబాదులో ఆటో నడపడం నేర్చుకునే కుర్రవాణ్ణి అడగండి, 'సీఖ్ రహా హూఁ' అంటాడు. అతను అంటున్నది మన శిక్ష అనే మాటనే! అతని నోట్లో అది ఇంకా నేర్చుకోవడంగానే ఉంది. మన నోట్లోనే మారిపోయింది.

ఇంకో సంగతి. వేదం చదవడానికి తోడ్పడే శాస్త్రాలను వేదాంగాలు అంటారు. అవి ఆరు కదా, వాటిలో ఒకదాని పేరు శిక్ష. ఉచ్చారణ శాస్త్రం. తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగం శీక్షావల్లి. అందులో శిక్ష అంటే ఏమేమిటో చెప్పారు: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం. ఏ అక్షరం, ఏ స్థాయి, ఎంతసేపు, ఎంత గట్టిగా, ఎంత సమంగా, పక్క అక్షరంతో ఎలా కలపాలి. చూడండమ్మా, ఎంత ఓపిక! ఒక్క అక్షరం పలకడానికి ఇన్ని సంగతులు పట్టించుకున్నారు.

పాణినీయ శిక్ష అని ఒక చిన్న గ్రంథం ఉంది. అక్షరాలు ఎలా పలకాలో చెబుతూ అందులో ఒక మాట అంటారు. ఆడపులి తన పిల్లల్ని నోట కరుచుకుని తీసుకువెళ్తుంది కదా, అలా పలకమంటారు. 'దంష్ట్రాభ్యాం న చ పీడయేత్'. కోరలతో నొప్పించకూడదు. వదులుగా పట్టుకుంటే పిల్ల కింద పడిపోతుంది. గట్టిగా పట్టుకుంటే కోర దిగిపోతుంది. ఆ రెండు భయాలూ మనసులో పెట్టుకుని అక్షరాన్ని పట్టుకోవాలి. అక్షరాల గురించి చెప్పిన మాట ఇది. నేను మాత్రం ఎప్పుడు చదివినా పిల్లల గురించే చదువుకుంటాను. కోరలు లేవని కాదండీ. ఉన్నాయి. పెద్దవాడి గొంతు, పెద్దవాడి ఎత్తు, పెద్దవాడి చేతిలో మార్కులు, ఇవన్నీ కోరలే. శిక్ష అనే పేరున్న పుస్తకంలోనే నొప్పించకు అని ఉంది. శిక్ష అనే పేరున్న పుస్తకంలో!

మరి ఎక్కడ తిరగబడింది? ఆ మాట పక్కన ఇంకో ధాతువు ఉంది. శాస్. దీనికి మొదటి నుంచీ రెండు ముఖాలు ఉన్నాయి. శాస్ అంటే ఉపదేశించడం, శాస్ అంటే అదుపులో పెట్టడం. శాస్త్రం దాని నుంచే వచ్చింది, శాసనం దాని నుంచే వచ్చింది. శిష్యుడూ దాని నుంచే వచ్చాడు. ఇందాకటి శీక్షావల్లిలోనే చివర చదువు ముగించుకుని వెళ్లిపోయే శిష్యుడికి ఆచార్యుడు సత్యం వద, ధర్మం చర అని చెబుతాడు. అక్కడ వాడిన క్రియ 'అనుశాస్తి'. అంటే ఉపదేశిస్తున్నాడు. ఇప్పుడు తెలుగులో శాస్తి అంటే ఏమిటి? "వాడికి తగిన శాస్తి జరిగింది." చూశారా! ఉపనిషత్తులో గురువు వీడ్కోలు మాట చెబుతుంటే ఉన్న క్రియ, మన వీధిలోకి వచ్చేసరికి పగ తీరిన మాట అయింది.

అదే ఉపదేశంలో ఆ ఆచార్యుడు ఏమన్నాడో చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 'యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి.' మాలో ఏవి మంచి నడతలో వాటినే నువ్వు అనుసరించు, మిగతావి వద్దు. మిగతావి కూడా మాలో ఉన్నాయి అని చెబుతున్నాడన్నమాట. వెళ్లిపోతున్న విద్యార్థి ముందు నిలబడి చెబుతున్నాడు. అదీ శాసనమే.

శిక్ష, శాస్ పక్కపక్కనే తిరిగి ఒకదాని రంగు ఒకదానికి అంటింది. దుష్ట శిక్షణ, శిష్ట రక్షణ అంటాం కదా. అందులో శిక్షణ అంటే ఏమిటి? దండించడం. శిష్టుడు అంటే? శాస్ నుంచి వచ్చిన మాట, బాగా నేర్పబడినవాడు. రెండూ బడి మాటలే. యుద్ధంలో వాడుతున్నాం.

సంస్కృతం మీద నెట్టేసి ఊరుకోవద్దు. మన సొంత పలుకుబళ్లు ఏం చేశాయో చూడండి. బుద్ధి చెప్పడం ఎంత మంచి పని! కానీ "వాడికి బుద్ధి చెప్పాలి" అని ఎవరైనా అంటే మీకేం అర్థమవుతుంది? కొట్టాలని. గుణపాఠం? పాఠమే కదా, పైగా గుణం నేర్పే పాఠం. "వాళ్లకు మంచి గుణపాఠం నేర్పాం" అంటే ఎక్కడో ఎవరికో దెబ్బ తగిలిందని. ఎందుకు? నేర్పడానికి మనకున్న ఒక్కో మంచి మాటా వెళ్లి వెళ్లి ఎందుకు దెబ్బ దగ్గరే ఆగుతోంది? భాష తనంత తాను మారదు. ఎన్నో తరాలు చదువూ దెబ్బా ఒకే గదిలో, ఒకే చేతి నుంచి వస్తే, పిల్లవాడి మనసులో రెండిటికీ ఒకటే పేరు పడుతుంది. వీధి బడుల్లో గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, కోదండం. కోదండం అంటే మీలో చాలామందికి తెలియదు. తెలియకపోవడమే మంచిది. దూలానికి తాడు వేసి పిల్లవాణ్ణి దానికి వేలాడదీసేవారు. చదువు రాలేదని! అక్కడ కూర్చున్న మిగతా పిల్లలకు శిక్ష అన్న మాటకు ఇంకే అర్థం తోస్తుంది?

ఇప్పుడు ఈ ప్రసంగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి దగ్గరికి వచ్చాను. నేరం, శిక్ష. ఈ రెండూ జంట మాటలు కదా. నేరం అచ్చ తెలుగు మాట. ఎక్కడి నుంచి వచ్చింది? నేర్చు నుంచి. అవును, నేర్చుకోవడంలో ఉన్న నేర్చు నుంచే. పాత తెలుగులో నేర్చు అంటే నేర్చుకోవడమే కాదు, చేయగలగడం కూడా. నేర్పరి అంటే చేయగలిగినవాడు. చెప్పనేరను అంటే చెప్పలేను. నేరక చేశాడు అంటే తెలియక, చేతకాక చేశాడు. నేరమి అంటే నేర్పు లేకపోవడం, చేతకానితనం. ఆ కుదురులోదే నేరము.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. నేరం అంటే చేతకాకపోవడం. శిక్ష అంటే చేతకావాలన్న కోరిక. ఒకటి తెలుగు, ఒకటి సంస్కృతం. ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి, ఎవరూ కూర్చుని జత కలపలేదు. అయినా రెండూ సరిగ్గా ఒకే చోట నిలబడ్డాయి. పిల్లవాడికి భాగాహారం రాలేదు. అది నేరం, అంటే ఇంకా రాకపోవడం. దానికి శిక్ష ఏమిటి? భాగాహారం రావాలన్న కోరిక పుట్టించడం. మాటల అసలు అర్థంలో నేరానికి తగిన శిక్ష అంటే ఇదే. చేతకానితనానికి మందు చేతనవ్వడమే కదా, ఇంకేముంటుంది? నాకు ఇది తెలిసిన రోజు నుంచి తప్పు లెక్క చేసిన నోటు పుస్తకాన్ని చూసే చూపు మారిపోయింది.

మీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దండం దశగుణం భవేత్ అన్నారు కదండీ, పెద్దలు ఊరికే అన్నారా అని. ఆ మాట స్టాఫ్ రూముల్లో ఎన్నిసార్లు విన్నానో! దాన్ని కర్రకు ముహూర్తం పెట్టినట్టు వాడతారు. అయితే ఆ శ్లోకం మొత్తం ఎంతమందికి తెలుసు? ఇదిగో.

విశ్వామిత్రాహిపశుషు కర్దమేషు జలేషు చ
అంధే తమసి వార్ధక్యే దండం దశగుణం భవేత్

విశ్వామిత్ర అనగానే మహర్షి అనుకుంటారు. కాదు. వి, శ్వ, అమిత్ర, అహి, పశు అని విడదీయాలి. వి అంటే పక్షి, శ్వ అంటే కుక్క, అమిత్రుడు శత్రువు, అహి పాము, పశువులు. తరవాత కర్దమం అంటే బురద, జలం అంటే నీళ్లు, అంధత్వం, చీకటి, ముసలితనం. లెక్కపెట్టండి, పది. ఈ పది చోట్ల చేతిలో కర్ర ఉంటే పనికొస్తుంది అని శ్లోకం. బురదలో జారకుండా, ఏట్లో లోతు చూసుకోవడానికి, చీకట్లో తడుముకోవడానికి, ముసలితనంలో ఊతానికి. ఇందులో పిల్లవాడు ఎక్కడున్నాడు? విద్యార్థి ఎక్కడున్నాడు? పదిలో ఒక్కటి చూపించండి! లేడు. మనమే తీసుకువెళ్లి వాణ్ణి పాముకూ కుక్కకూ మధ్యలో నిలబెట్టాం.

పాతకాలమంతా బంగారం అని నేను చెప్పను. మనుస్మృతి రెండో అధ్యాయంలో 'అహింసయైవ భూతానాం కార్యం శ్రేయోఽనుశాసనమ్' అని ఉంది. మేలు చెప్పడం అహింసతోనే చేయాలి, మాట తియ్యగా, మెత్తగా ఉండాలి అని. అదే గ్రంథం నాలుగో అధ్యాయంలో ఎవరి మీదా కోపంతో కర్ర ఎత్తకు, కొడుకునూ శిష్యుణ్ణీ మాత్రం దిద్దడానికి కొట్టవచ్చు అనీ ఉంది. రెండూ ఉన్నాయి. పదేళ్లపాటు కొట్టమని చెప్పే నీతి శ్లోకమూ మనలో చాలామందికి కంఠతా వచ్చు. కాబట్టి గొడవ పాతదే. పెద్దల మాట అనేది ఒకే మాట కాదు, అందులోంచి మనం దేన్ని తీసుకుంటాం అన్నది మన పని. ఇందాకటి ఆచార్యుడి మాట గుర్తుందిగా, సుచరితాలు మాత్రమే, మిగతావి వద్దు.

ఇక చట్టం మాట రెండు ముక్కల్లో. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ ప్రకారం ఏ బిడ్డకూ శారీరక శిక్ష ఉండకూడదు, మానసిక వేధింపు ఉండకూడదు. రెండోది మరిచిపోతారు, అందుకే చెబుతున్నాను. చెయ్యి వెనక్కి కట్టుకుని నాలుకతో కొట్టేవాళ్లు ఉన్నారు. మొద్దు, దద్దమ్మ, నీకు చదువెందుకురా. అవీ లెక్కలోకి వస్తాయి. చట్టం మీ చేతిలో కర్ర తీసేసింది. ఆ ఖాళీ చేతిలో ఏం పెట్టుకోవాలో చట్టం చెప్పలేదు. చాలామంది టీచర్లు ఇప్పటికీ "కొట్టకుండా ఎలా చెప్పాలండీ" అని టెన్షన్ పడుతున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు. వాళ్లదీ నేరమే, పాత అర్థంలో. మీకు ఆ అవస్థ రాకూడదనే ఈ రెండేళ్ల శిక్షణ.

వచ్చే వారం మీరు టీచింగ్ ప్రాక్టీసుకు బడులకు వెళ్తున్నారు. ఒక పని చేయండి. పాఠ్య పథకాలు రాసే రికార్డులో చివర రెండు పేజీలు ఖాళీగా వదలండి. ఒక పేజీలో శిక్ష, శాస్తి, బుద్ధి చెప్పడం, గుణపాఠం లాంటి మాటలు ఆ బడిలో ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో రాయండి. పేర్లు వద్దు, వాక్యాలు చాలు. మీరు అన్నవి కూడా రాయండి. రెండో పేజీలో, ఏ పిల్లవాడు, ఏ పిల్ల తనంత తానుగా "సార్ ఇంకోసారి చేస్తాను", "టీచర్ నాకు చెప్పండి" అని అడిగిందో, ఏ పాఠం దగ్గర అడిగిందో, అంతకు ఒక్క నిమిషం ముందు మీరేం చేశారో రాయండి. ఆ ఒక్క నిమిషం ముందు సంగతి ముఖ్యం, అది వదిలేయకండి. తిరిగి వచ్చాక ఇక్కడే కూర్చుని అందరి పేజీలూ చదువుదాం.

నేను చెప్పదలుచుకున్నది అయిపోయింది. ప్రశ్నలు అడగండి. ఆ మూల చెయ్యెత్తిన అమ్మాయి, నువ్వు చెప్పమ్మా ముందు.